1897 ప్లేగు - ప్రజారోగ్యం ఎవరి చేతుల్లో?

1897 జూన్ 22 రాత్రి పుణెలో జరిగిన సంఘటన చరిత్ర పుస్తకాలు చదివినవాళ్లందరికీ తెలిసిందే. విక్టోరియా రాణి వజ్రోత్సవాల విందు ముగించుకొని గవర్నరు బంగళా నుంచి బండిలో తిరిగి వస్తున్న ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్‌ను గణేశ్‌ఖిండ్ రోడ్డు మీద చాపేకర్ సోదరులు కాల్చారు. వెనక బండిలో ఉన్న లెఫ్టినెంట్ అయర్స్ట్ అక్కడికక్కడే చనిపోయాడు. రాండ్ జూలై 3న చనిపోయాడు. 1898లో దామోదర్ చాపేకర్‌ను ఉరి తీశారు. మరుసటి సంవత్సరం అతని తమ్ముళ్లనూ ఉరి తీశారు. ప్లేగు సంవత్సరం అనగానే మన జాతీయోద్యమ చరిత్రకు గుర్తొచ్చేది ఆ తుపాకీ మోతే.

ఆ తుపాకీ పేలడానికి మూడు నెలల ముందు, మార్చి 10న, అదే పుణె శివార్లలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే ప్లేగు సోకి 66 ఏళ్ల స్త్రీ ఒకామె మరణించింది. ఆమె సావిత్రీబాయి ఫూలే. ఆమెను ఇవాళ మనం ఆడపిల్లలకు చదువు చెప్పిన తొలి ఉపాధ్యాయినిగా స్మరిస్తున్నాం, పటాలకు దండలు వేస్తున్నాం. ఆమె ఎలా చనిపోయిందన్నది మాత్రం జీవితచరిత్ర చివరి పేజీలో ఒక వాక్యంగా మిగిలిపోయింది. దాన్ని త్యాగమని పొగిడి ఊరుకుంటున్నాం. ఆ మరణం వెనక ఒక ఆరోగ్య విధానం ఉందనీ, అది ప్రభుత్వ విధానానికీ దాన్ని వ్యతిరేకించిన పెద్దల విధానానికీ కూడా భిన్నమైనదనీ గుర్తించడం లేదు.

ఈ వ్యాసం ఉద్దేశం ఆ మూడో మార్గాన్ని గుర్తు చేయడమే. రోగ నివారణ వైద్యశాస్త్రానికి మాత్రమే సంబంధించిన వ్యవహారం కాదు. జబ్బు పేరుతో పేదవాడి ఇంటి గడప ఎవరు దాటుతారు, ఏ అధికారంతో దాటుతారు, దాటినవాణ్ణి ఆ ఇంటివాళ్లు ఎందుకు నమ్మాలి అన్నవి చరిత్ర అడగవలసిన ప్రశ్నలు. రచయితలు అడగవలసిన ప్రశ్నలు కూడా.

1

ప్లేగు బొంబాయి రేవు గుండా వచ్చింది. 1896 సెప్టెంబరులో మాండ్వీ పేటలో రోగులను పరీక్షించిన డాక్టర్ అకాసియో వియేగాస్ అది ప్లేగేనని ప్రకటించాడు. మాండ్వీ అంటే రేవును ఆనుకొని ఉన్న ధాన్యపు గిడ్డంగుల పేట. గిడ్డంగుల పైనా పక్కనా చీకటి గదుల్లో కూలీల కాపురాలు. కింద గింజ, గింజ కోసం ఎలుక, ఎలుక పక్కనే మనిషి. పశ్చిమ, మధ్య భారతాల్లో అప్పుడే కరువు మొదలైంది. కరువు పట్టిన జిల్లాల నుంచి జనం పనికోసం నగరానికి వస్తున్నారు.

ప్లేగు సూక్ష్మజీవిని 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ కనిపెట్టాడు. అయితే అది మనిషిని ఎలా చేరుతుందో ఎవరికీ తెలియదు. నేలలో ఉందన్నారు, గాలిలో ఉందన్నారు, మురుగులో ఉందన్నారు, ధాన్యంలో ఉందన్నారు. అందువల్ల మునిసిపాలిటీ మురుగు కాలువల్లోకి సముద్రపు నీళ్లూ కార్బాలిక్ ద్రావకమూ ధారలుగా పోయించింది. గోడలకు సున్నం కొట్టించింది. ఇళ్ల కప్పులు విప్పించింది. 'మనుషుల నివాసానికి తగదు' అనే గుర్తు అనేక ఇళ్ల మీద వేయించింది. ఆ గుర్తు పడిన ఇంట్లో ఉన్నవాళ్లు ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

1896 అక్టోబరులో రోగులను బలవంతంగా ఆసుపత్రికి తరలించే అధికారం మునిసిపల్ కమిషనర్ తీసుకున్నాడు. అక్టోబరు 29న సుమారు వెయ్యిమంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద దాడి చేశారు. ఇది మూఢత్వమని అప్పటి ఇంగ్లీషు పత్రికలు రాశాయి. కార్మికుడి కళ్లతో చూస్తే విషయం వేరుగా కనబడుతుంది. ఆ ఆసుపత్రికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తిరిగి రావడం లేదు. రోగం బాగా ముదిరాకే తీసుకుపోవడం దానికి ఒక కారణం. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. వాడికి తెలిసిందల్లా నడిచి వెళ్లినవాడు శవమై వచ్చాడన్నదే.

ఆ అక్టోబరు ఆజ్ఞను కొద్ది రోజుల్లోనే సడలించారు. ఎందుకు సడలించారో గమనించాలి. నగరం మలమూత్రాలు ఎత్తే పాకీపనివారు, అప్పటి బొంబాయి మాటలో హలాల్‌ఖోర్లు, భయపడి ఊరు విడిచి వెళ్లిపోతే నగరం ఒక్క వారం కూడా నిలవదని అధికారులకు అర్థమైంది. సామ్రాజ్యంలోని మహానగరం ఆరోగ్యం, అందరికంటే హీనంగా చూడబడుతున్న మనుషుల చేతుల మీద ఆధారపడి ఉందన్న సత్యం ఆ నెలలో బయటపడింది. అయినా ఏ నివేదికా ఆ మనుషుల పేర్లు రాయలేదు.

1897 ఫిబ్రవరి నాటికి నగర జనాభాలో దాదాపు సగం మంది వెళ్లిపోయారు. మిల్లులకు మనుషులు దొరకలేదు. యజమానులు వీధి మూలల్లో నిలబడి, ఏ రోజు కూలి ఆ రోజే ఇస్తామంటూ, ఒకరిమీద ఒకరు పాట పెంచుకొని కార్మికులను పిలుచుకున్నారు. నెల జీతాన్ని వారాల తరబడి తొక్కిపెట్టే అలవాటున్న యజమానుల చేత ఆ పని చేయించింది ప్లేగు.

2

1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. నాలుగే సెక్షన్ల చట్టం. అంటువ్యాధి ప్రబలినప్పుడు ప్రభుత్వం తనకు అవసరమనిపించిన ఏ నిబంధననైనా పెట్టవచ్చు. ప్రయాణికులను ఆపి పరీక్షించవచ్చు, అనుమానితులను నిర్బంధించవచ్చు. ధిక్కరిస్తే శిక్షాస్మృతి 188వ సెక్షన్ కింద శిక్ష. ఈ చట్టం పేరుతో సద్భావంతో పనిచేసిన అధికారి మీద ఎవరూ దావా వేయరాదు. రోగికి వైద్యం అందించాలని గానీ, పని పోయినవాడికి తిండి పెట్టాలని గానీ, కూల్చిన ఇంటికి బదులు ఇల్లు ఇవ్వాలని గానీ అందులో ఒక్క మాట లేదు.

ఇంత తొందర ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే వెనీసు వైపు చూడాలి. అదే ఫిబ్రవరిలో అక్కడ అంతర్జాతీయ పారిశుద్ధ్య సమావేశం మొదలైంది. భారతదేశపు సరుకును తమ రేవుల్లోకి రానివ్వబోమని యూరప్ దేశాలు ఒత్తిడి తెచ్చాయి. పత్తి, ధాన్యం, తోళ్ల ఎగుమతి ఆగిపోతే సామ్రాజ్యానికి దెబ్బ. కలరాతో, మలేరియాతో లక్షలమంది చస్తున్నప్పుడు లేని వేగం ప్లేగు విషయంలో రావడానికి ఇదొక ముఖ్యకారణం. ప్రజల ప్రాణం కోసం చట్టం చేసి ఉంటే అది ఆసుపత్రితో మొదలయ్యేది. ఓడరేవు కోసం చేశారు కాబట్టి సోదాతో మొదలైంది.

పుణెలో ఆ సోదాలకు అధిపతిగా వచ్చినవాడు రాండ్. అతను సివిల్ సర్వీసు అధికారి, అంతకుముందు సతారాలో పనిచేశాడు. వైద్యులను కాక సైనికులను అతను ముందుకు తెచ్చాడు. మార్చి 13న ఇంటింటి సోదాలు మొదలై మే 19 దాకా సాగాయి. పేటకు పేట దిగ్బంధం చేసి సిపాయిలు ఇళ్లలోకి దిగేవారు. వంటగదుల్లోకీ దేవుడి గదుల్లోకీ వెళ్లేవారు. జ్వరం ఉన్నవాణ్ణి ఆసుపత్రికీ, అతని ఇంటివాళ్లను వేరు శిబిరానికీ తోలేవారు. పరుపులూ బట్టలూ తగలబెట్టేవారు, నేలలు తవ్వేవారు. ఖాళీ చేసిన ఇళ్లలో సామాను మాయమైందన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి.

ప్లేగు వచ్చినవాడికి గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కడతాయి. కాబట్టి పరీక్ష అంటే బట్ట తొలగించి చూడడమే. రైల్వే ప్లాట్‌ఫారాల మీద, వీధిలో, పరాయి మగవాళ్ల ఎదుట ఆడవాళ్లను ఆ విధంగా పరీక్షించడం జరిగింది. పుణె ప్లేగు ఆసుపత్రిలో స్త్రీలకు రక్షణ లేదని పండిత రమాబాయి 1897లో 'బాంబే గార్డియన్' పత్రికకు లేఖ రాసింది. అప్పుడు ఇంగ్లండులో ఉన్న గోఖలే సిపాయిల అత్యాచారాలను అక్కడి పత్రికలో బయటపెట్టాడు. తిరిగి వచ్చాక రుజువులు చూపించలేక బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. రుజువులు లేకపోవడంలో వింత లేదు. చెప్పుకుంటే పరువు పోతుందని ఇంటివాళ్లే నోరు నొక్కే సమాజంలో సాక్ష్యం చెప్పడానికి ఏ స్త్రీ ముందుకొస్తుంది?

3

ఇక ప్రతిఘటన సంగతి. దాన్ని మనం ఇన్నాళ్లుగా ఒకే ముక్కగా చూస్తున్నాం. అది పొరపాటు.

మిల్లు కార్మికుల ప్రతిఘటన ఒక రకం. 1898 మార్చిలో బొంబాయి మదన్‌పురాలో జులాహా నేతపనివారి ఇంట్లో ప్లేగు అనుమానంతో 12 ఏళ్ల ఆడపిల్లను తీసుకుపోబోతే పేట పేటంతా తిరగబడింది. కాల్పులు జరిగాయి. ఇది ప్రాణభయంతో, అవమానంతో పుట్టిన తిరుగుబాటు. ఇందులో అజ్ఞానం ఉంటే ఉండవచ్చు. బాధ మాత్రం నిజమైనది.

అగ్రవర్ణ పెద్దల ఆగ్రహంలో వేరొక అంశం కూడా కలిసి ఉంది. వాళ్ల పత్రికల్లో, అర్జీల్లో పదేపదే కనిపించిన ఫిర్యాదు మడి మైల గురించి. సిపాయి బూటుతో వంటింట్లోకి వచ్చాడన్న బాధతో పాటు, శిబిరంలో అన్ని కులాలవాళ్లనూ కలిపి ఉంచారన్న బాధ కూడా అంతే గట్టిగా వినిపించింది. తిలక్ విషయంలో న్యాయంగానే మాట్లాడాలి. ఎందరో పెద్దలు ఊరు వదిలిపోయినప్పుడు ఆయన పుణెలోనే ఉన్నాడు, హిందూ ప్లేగు ఆసుపత్రి తెరిచాడు, 'కేసరి'లో రాతలకు రాజద్రోహం నేరం మీద 18 నెలల శిక్షకు గురయ్యాడు. అయితే ఆరేళ్ల కిందట, 1891లో, బాలికల వయోపరిమితి బిల్లును స్వధర్మంలో జోక్యమంటూ వ్యతిరేకించినవాడూ ఆయనే. చాపేకర్ సోదరులకు తెల్లదొరల మీద ఎంత ద్వేషమో సంఘసంస్కర్తల మీదా అంత ద్వేషం. తెల్లవాడి చెయ్యి ఇంట్లోకి రాకూడదన్నవాళ్లలో కొందరు, తమ ఇంట్లో స్త్రీ మీదా వాడలో పంచముడి మీదా తమ చెయ్యి మాత్రం ఉండాలని కోరుకున్నవాళ్లు.

ప్రభుత్వం ఈ పెద్దలతోనే రాజీ పడింది. ఎవరి మతానికి, ఎవరి కులానికి వాళ్లు ప్లేగు ఆసుపత్రులు పెట్టుకోవచ్చని అనుమతించింది. బొంబాయిలో పార్సీలకు, ఖోజాలకు, మేమన్లకు, హిందువుల్లో ఆయా కులాలకు పదుల సంఖ్యలో అలాంటి ఆసుపత్రులు వెలిశాయి. అవి ప్రాణాలు కాపాడలేదని కాదు. షావుకారు లేని కులానికి ఆసుపత్రి ఎక్కడిది? చందాలివ్వగల చేతులు లేని మహార్ వాడకు, మాంగ్ వాడకు ఎవరు దిక్కు? సిపాయి నుంచి తప్పించుకునే మార్గం కలవాడికి దొరికింది, లేనివాడికి దొరకలేదు.

4

ఈ ప్రశ్నకు కాగితం మీద కాకుండా చేతలతో జవాబిచ్చినవాళ్లు కొందరున్నారు. జోతిరావు ఫూలే 1890లో చనిపోయాడు. ఆయన స్థాపించిన సత్యశోధక సమాజంలో ఇద్దరిని ప్లేగు ఒక నెల వ్యవధిలో బలి తీసుకుంది.

మొదటివాడు నారాయణ మేఘాజీ లోఖండే. 'దీనబంధు' పత్రికకు సంపాదకుడు. 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘాన్ని స్థాపించాడు. ఆ ఏడాది 5,500 మంది కార్మికుల సంతకాలతో ఆయన తయారుచేయించిన మహజరును ఆరోగ్యపత్రంగా కూడా చదవాలి. వారానికి ఒక రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పొద్దున్న ఆరున్నర నుంచి పొద్దు గూకేదాకానే పని, వచ్చే నెల 15లోగా జీతం, పనిలో దెబ్బ తగిలినవాడికి బాగయ్యేదాకా పూర్తి జీతం అందులోని కోర్కెలు. ఆదివారం సెలవు 1890లో వచ్చింది. ఊపిరాడని గదిలో పత్తి దుమ్ము పీల్చే మనిషికి ఒక రోజు విశ్రాంతి, జబ్బుపడితే కూలి - వీటికి మించిన రోగ నివారణ ఏముంది? ప్లేగు వచ్చినప్పుడు లోఖండే బొంబాయి విడిచిపోలేదు. 1897 ఫిబ్రవరి 9న ప్లేగుతోనే మరణించాడు.

ఇక్కడ తెలుగువాళ్లు గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. బొంబాయిని కట్టిన కూలీల్లో, మేస్త్రీల్లో తెలుగువాళ్లు ఎందరో. కామాఠీపురా అన్న పేరు వాళ్ల నుంచి వచ్చిందే. ఆ తెలుగు మేస్త్రీల్లో, గుత్తేదారుల్లో పైకొచ్చిన రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకూ కాళేవార్ వంటివాళ్లు బొంబాయిలో సత్యశోధక సమాజానికి మొదటి నుంచీ అండగా నిలిచారు. ఫూలే ఉద్యమం మనకు పొరుగు రాష్ట్రపు కథ మాత్రమే కాదు.

రెండో మనిషి సావిత్రీబాయి. కొడుకు యశ్వంత్ డాక్టరు. అతని పుట్టుకే ఒక చరిత్ర. మోసపోయిన బ్రాహ్మణ వితంతువులు బిడ్డలను చంపుకోకుండా కాపాడడానికి ఫూలే దంపతులు 1863లో తమ ఇంట్లో ఒక గృహం తెరిచారు. అక్కడ కాశీబాయి అనే వితంతువుకు పుట్టిన బిడ్డను దత్తత తీసుకొని పెంచారు. ఆ బిడ్డే యశ్వంత్. ప్లేగు వచ్చేసరికి అతను సైన్యంలో వైద్యుడు. తల్లి పిలిపించింది. పుణె బయట హడప్సర్ దగ్గర ససానే తోటలో ప్లేగు చికిత్సాలయం తెరిచారు. కులం అడగని చికిత్సాలయం. రోగులను సిపాయిలు తోలుకొచ్చే పద్ధతి అక్కడ లేదు. సావిత్రీబాయే వాడల్లోకి వెళ్లి తెచ్చేది. ముంఢ్వాలోని మహార్ వాడలో పదేళ్ల పిల్లవాడికి ప్లేగు సోకిందని విని వెళ్లి, వాణ్ణి వీపున మోసుకొని చికిత్సాలయానికి తీసుకొచ్చింది. ఆ పనిలోనే ఆమెకు రోగం అంటింది. మార్చి 10న మరణించింది. సరిగ్గా మూడు రోజుల తరువాత రాండ్ సిపాయిలు సోదాలు మొదలుపెట్టారు.

ఆ పిల్లవాణ్ణి తీసుకుపోతుంటే వాడ ఎందుకు తిరగబడలేదు? ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద రాళ్లు పడిన కాలమే కదా అది. దీనికి సమాధానం ఆ వారంలో లేదు, అంతకుముందు గడిచిన 50 ఏళ్లలో ఉంది. 1848 నుంచి బడి పెట్టి, బడికి పోతుంటే మీద పేడ వేయించుకొని, 1868లో తమ ఇంటి నీళ్ల తొట్టిని అస్పృశ్యులకు తెరిచి, 1877 కరువులో గంజి కాసి పోసిన మనిషి ఆమె. ఫూలే 1876 నుంచి 1882 దాకా పుణె మునిసిపాలిటీ సభ్యుడు. 1880లో వైస్రాయి లిట్టన్ రాకకు పురపాలక సొమ్ముతో అలంకారాలు చేయడాన్ని వ్యతిరేకించి, ఆ డబ్బు పేదల చదువుకు పెట్టమన్నాడు. మంచినీళ్లు, తిండి, చదువు, పురపాలక సొమ్ము - ప్రజారోగ్యానికి పునాదులు ఇవే. ఈ పునాది వేసినవాళ్లు తలుపు తడితే తలుపు తెరుచుకుంది. తుపాకీతో తట్టినవాళ్లకు దొడ్డిదారిన రోగిని దాచేశారు.

యశ్వంత్ మళ్లీ సైన్యంలోకి వెళ్లాడు. 1905లో పుణెలో ప్లేగు మళ్లీ వస్తే మళ్లీ సేవకు దిగి, తానూ ప్లేగుతోనే చనిపోయాడు.

5

సిపాయి పద్ధతి కనీసం రోగాన్నయినా ఆపిందా? లేదు. ఎందుకు లేదో తరువాత శాస్త్రమే చెప్పింది.

1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు, ఎలుక ఒంటిమీద రక్తం తాగి బతికే సన్నని పురుగు ద్వారా ప్లేగు వ్యాపిస్తుందని ప్రయోగం చేసి చూపాడు. చాలాకాలం పెద్దలెవరూ ఒప్పుకోలేదు. 1905 తరువాత ప్లేగు పరిశోధన సంఘం బొంబాయిలో చేసిన పనితో అది స్థిరపడింది. ఎలుక చస్తే పురుగు దాన్ని వదిలి మనిషిని పట్టుకుంటుంది. అంటే బిళ్లల ప్లేగు ఎక్కువగా మనిషి నుంచి మనిషికి వచ్చేది కాదు, ఇంటి నుంచి మనిషికి వచ్చేది. రోగి బంధువులను శిబిరాల్లో బంధించడం వల్ల ఒరిగింది తక్కువ. కాలువల్లో ధారలుగా నీళ్లు పోయడం వల్ల ఎలుకలు కొత్త పేటలకు చెదిరిపోయి ఉంటాయని చరిత్రకారులు అంటున్నారు.

ఈ సంగతిలో సగం జనానికి ముందే తెలుసు. హిమాలయాల్లో గఢ్వాల్ పల్లెల ప్రజలు, ఎలుకలు చచ్చి పడడం చూడగానే ఊరు వదిలి అడవిలో గుడిసెలు వేసుకునేవారని 19వ శతాబ్దపు నివేదికల్లోనే ఉంది. ఎలుకలు రాలితే ఊరి బయట పాకలు వేసుకొని కాపురాలు మార్చడం మన పల్లెల పెద్దల జ్ఞాపకాల్లోనూ ఉంది. సిద్ధాంతం వాళ్లకు తెలియదు, అనుభవం తెలుసు. చివరికి ప్రభుత్వమూ ఇల్లు ఖాళీ చేసి బయట ఉండడమే మంచి ఉపాయమని ఒప్పుకుంది. ప్రజలను నేరస్థుల్లా కాక సాక్షుల్లా విచారించి ఉంటే ఆ మాట ముందే తెలిసేది.

టీకా కథ కూడా ఇలాంటిదే. హాఫ్‌కిన్ బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి 1897 జనవరి 10న మొదట తన ఒంటికే ఎక్కించుకున్నాడు. ఆ ధైర్యానికి జోహారు. ఆ తరువాత పరీక్ష జరిగింది బైకుల్లా జైలు ఖైదీల మీద అన్నదీ మరవరాదు. 1902లో పంజాబు ములకోవాల్‌లో ఒక సీసాలోని టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. తప్పు హాఫ్‌కిన్‌ది కాదని 1907లో గానీ తేలలేదు. బలవంతపు సోదాలతో అప్పటికే విరిగిపోయిన నమ్మకం మీద పడిన దెబ్బ అది.

అల్లర్ల భయంతో 1898 తరువాత బలప్రయోగం తగ్గింది. ప్లేగు తగ్గలేదు. 1907 ఒక్క ఏడాదే 10 లక్షలకు పైగా చనిపోయారు. మొత్తం మీద ఆ ప్లేగు భారతదేశంలో 1 కోటి 20 లక్షల మందిని మింగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు పాసుపోర్టులు పెట్టారు. రోగమున్న చోటి నుంచి వచ్చినవాడు పది రోజులు అధికారి ముందు హాజరవాలి. కోస్తా జిల్లాలకు దెబ్బ అంతగా తగలలేదు గానీ బళ్లారి జిల్లా బాగా నష్టపోయింది. 1911లో ప్లేగు హైదరాబాదు నగరాన్ని పట్టుకుంది. 1908 మూసీ వరద, ఈ ప్లేగు కలిసి 1912లో నగరాభివృద్ధి బోర్డు పుట్టుకకు దారితీశాయి. బొంబాయిలో 1898లోనే ఇలాంటి ట్రస్టు పెట్టారు. అది వెడల్పు రోడ్లు వేసింది, మురికివాడలు కూల్చింది. కూల్చినన్ని గదులు పేదలకు కట్టలేదు. ఖాళీ చేయించిన జనం పక్క పేటలో మరింత ఇరుకుగా సర్దుకున్నారు. ఆరోగ్యం పేరుతో నేల చేతులు మారింది.

6

సాహిత్యం దీన్ని ఎలా పట్టుకుంది? ఇద్దరిని తలచుకుంటే చాలు.

అభ్యుదయ రచయిత రాజీందర్ సింగ్ బేదీ ఉర్దూలో 'క్వారంటైన్' అనే కథ రాశాడు. ప్లేగు కంటే క్వారంటైన్ అంటేనే జనం ఎక్కువ భయపడడం అందులో కనిపిస్తుంది. కథ చెప్పేవాడు డాక్టరు. రోగుల మధ్య భయం లేకుండా తిరిగేవాడు భాగూ అనే పాకీపనివాడు. రోగం తగ్గాక సన్మానం డాక్టరుకు జరుగుతుంది. భాగూ వచ్చి అభినందిస్తాడు. 1896లో ఏ చేతుల కోసం బొంబాయి మునిసిపాలిటీ తన ఆజ్ఞను సడలించుకుందో, ఆ చేతులకు పేరూ ముఖమూ ఇచ్చినవాడు బేదీ. అధికార నివేదికలు చేయని పనిని ఒక చిన్న కథ చేసింది.

కన్నడంలో అనంతమూర్తి 1965లో 'సంస్కార' నవల రాశాడు. అగ్రహారంలో ఒక భ్రష్టుడు చనిపోతాడు. శవానికి సంస్కారం ఎవరు చేయాలన్న ధర్మమీమాంసలో పెద్దలు మునిగి ఉండగా ఇళ్లలో ఎలుకలు చచ్చి పడుతుంటాయి, గద్దలు వాలుతుంటాయి. ఎలుకలను చూసినా ప్లేగును చూడలేని కులపు గుడ్డితనాన్ని ఇంత సూటిగా చూపిన నవల మరొకటి నాకు కనబడలేదు. 1897లో మడి మైలల గురించి అర్జీలు రాసిన పెద్దలను అర్థం చేసుకోవడానికి ఇది గొప్ప సాధనం.

తెలుగులో అంటువ్యాధి ఎక్కువగా నేపథ్యంగానే వచ్చింది. గత్తర వచ్చి ఊరు ఖాళీ అయిందని ఒక వాక్యం రాసి కథ ముందుకు పోతుంది. ఆ గత్తరలో శవాలు ఎవరు మోశారు, నీళ్లు ఎవరు తోడారు, ఎవరి వాడకు బావి లేదు అన్నవి కథావస్తువులు కావడం అరుదు. ఈ లోటును ఎత్తిచూపడం విమర్శకుల బాధ్యత.

7

ఇదంతా పాత కథ అనుకుంటే పొరపాటు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వార్త పుట్టగానే లక్షలమంది రైళ్లెక్కి పారిపోయారు. వాళ్లలో మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ నేతకార్మికులూ ఉన్నారు. వరద నీళ్లు, ఎత్తని చెత్త, ఇరుకు గదులు - మాండ్వీ చిత్రమే. అయితే ఆ తరువాత సూరత్ నగరపాలక సంస్థ రోజువారీ చెత్త ఎత్తివేతను గట్టిగా పట్టించుకొని నగరం ముఖమే మార్చింది. చీపురు, మురుగు కాలువ, మంచినీళ్ల కుళాయి - ఇవి నిత్యం పనిచేస్తే సిపాయి అవసరం రాదని సూరత్ చూపింది.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలతో సహా రాష్ట్రాలన్నీ బయటికి తీసింది 1897 నాటి ఆ నాలుగు సెక్షన్ల చట్టాన్నే. 123 ఏళ్ల తరువాత కూడా, జబ్బుపడిన మనిషికి రాజ్యం ఏం చేయాలో అది చెప్పలేదు. మనిషి ఏం చేయకూడదో చెప్పింది. లాఠీ ముందు వచ్చింది, బియ్యం వెనక వచ్చింది. వలస కూలీలు వందల మైళ్లు నడిచారు. అదే సంవత్సరం ఆ చట్టానికి చేసిన సవరణ ఆరోగ్య కార్యకర్తల మీద దాడులకు శిక్షలు పెంచింది. అది అవసరమే. దాడులు ఎందుకు జరుగుతాయన్న పాత ప్రశ్నకు మాత్రం శిక్ష జవాబు కాదు.

ఆ రోజుల్లో ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకున్నవాళ్లు ఆశా కార్యకర్తలు. 2005లో మొదలైన ఆ వ్యవస్థలో వాళ్లను ఉద్యోగులుగా కాక స్వచ్ఛంద కార్యకర్తలుగా లెక్కగట్టారు, జీతానికి బదులు ప్రోత్సాహకాలన్నారు. వాళ్లతో పాటు వీధుల్లో ఉన్నవాళ్లు పారిశుద్ధ్య కార్మికులు. వాళ్ల కోసం చప్పట్లు కొట్టారు, పూలు చల్లారు. బేదీ కథలో భాగూకు ఆ మాత్రం కూడా దక్కలేదు కనుక ఇది ప్రగతి అనుకోవాలా? ఊరి ఆడమనిషిగా, ఆ గడపకు తెలిసిన ముఖంగా ఆమె తలుపు తడితే జనం తెరిచారు. సావిత్రీబాయికి తెరుచుకున్న తలుపే అది. ఆ నమ్మకాన్ని ఉచితంగా వాడుకుంటున్న రాజ్యం దానికి కూలి కట్టడానికి మాత్రం వెనకాడుతోంది.

త్యాగాన్ని కీర్తించడం సులువు. త్యాగం అవసరం లేని వ్యవస్థను అడగడం కష్టం. 66 ఏళ్ల వృద్ధురాలు రోగిని వీపున మోయవలసి వచ్చిందంటే అక్కడ బండి లేదు, ఆసుపత్రి లేదు, ఆ వాడ మీద ఎవరికీ పట్టింపు లేదు అని అర్థం. ఆమెకు దండ వేసేటప్పుడు ఈ మూడు లోట్లూ ఇవాళ మన ఊళ్లలో, మన వాడల్లో ఎంతవరకు తీరాయో లెక్క చూసుకోవాలి. ఆ లెక్క రాయడం అధికారుల పని మాత్రమే కాదు. నివేదికలు పేర్లు రాయని చోట పేర్లు రాయడం రచయితల పని.